కొబ్బరికాయ లేచింది, మరి నీళ్లో?

రాయలసీమలో, తెలంగాణలో బోరు వేయించే ముందు నీళ్లు పడే పాయింటు చూసే ఆయన్ని పిలిపించుకునే రైతులు ఇప్పటికీ ఉన్నారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. ఒకచోట కాయ చివాలున లేచి నిలబడుతుంది. చూసేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది.

కాయ లేవడం నిజమే, లేపేది ఆయన చెయ్యే. అంతమాత్రాన ఆయన మోసగాడనుకోవడం తొందరపాటు. తన చెయ్యి కదిలిన సంగతి తనకే తెలియకపోవచ్చు. దీన్ని అద్భుతంగా తేల్చి చూపినవాడు శాస్త్రవేత్త మైకేల్ ఫారడే. 1853లో ఇంగ్లండులో, నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే ఆత్మల బలంతో అది తిరుగుతుందనే వేలంవెర్రి సాగింది. ఫారడే చేతులకూ బల్లకూ మధ్య అట్టముక్కలు పేర్చి, వాటి నడుమ మెత్తటి జిగురు పెట్టాడు. బల్లే ముందు కదిలితే అడుగు అట్ట ఎక్కువ జరగాలి. కానీ ఎక్కువ జరిగింది పై అట్ట! అంటే తోసింది చేతులే. తర్వాత, చేతులు ఏ కాస్త తోసినా ఊగే పుల్లనొకదాన్ని అమర్చాడు. అది కళ్లెదుట ఉన్నంతసేపూ బల్ల కదల్లేదు. కూర్చున్నవాళ్లు నిజాయితీపరులే, తాము తోస్తున్నామని వాళ్లకు అప్పటిదాకా తెలియదంతే.

అరచేతిలో కాయకు నిలకడ ఉండదు, మణికట్టు రవ్వంత వాలినా చాలు. పల్లం, పచ్చటి గట్టు, పక్కచేలో పోస్తున్న బోరు చూసిన మనసు ఎక్కడ వాలాలో చేతికి చెప్పేస్తుంది.

"మరి నీళ్లు పడ్డాయి కదా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కాయ లేవని చోట ఎవరూ బోరు వేసి చూడరు. పడిన బోరు గురించి ఊరంతా చెప్పుకుంటుంది, పడనిది ఆ ఇంటి అప్పుగా మిగులుతుంది. అందుకే పరీక్ష కావాలి. 1987-88లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఇలా నీళ్ల జాడ చెప్పేవాళ్లు దాదాపు 500 మందిని వడపోసి 43 మందిని ఎంచారు. కొట్టం కింది అంతస్తులో నీటి గొట్టాన్ని చోట్లు మారుస్తూ, అదెక్కడుందో పై అంతస్తులోంచి చెప్పమన్నారు. కొందరికి నీళ్ల జాడ పట్టే శక్తి ఉందని పరిశోధకులు ప్రకటించారు. అవే అంకెలను జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త తిరగేస్తే, ఒకసారి బాగా చెప్పినవాళ్లు మరోసారి తప్పారు. మొత్తం మీద అది గుడ్డిగా ఊహించినదానికి మించి లేదు.

మన గ్రానైటు నేలల్లో నీళ్లు ఎక్కువగా ఉండేది రాతి పగుళ్లలో. వాటి జాడ కోసం భూమిలోకి కరెంటు పంపి చేసే సర్వే కూడా తప్పొచ్చు, కానీ దాని అంకెలు కాగితం మీద ఉంటాయి, బోరుతో సరిచూసుకోవచ్చు.

కాయకూ పరీక్ష పెట్టొచ్చు. రిగ్గు రాకముందే, పాయింటు పెట్టిన ఆయన్ని కళ్లకు గంతలు కట్టుకుని అదే చేలో మళ్లీ తిరగమనండి. కాయ మళ్లీ అక్కడే లేస్తుందేమో చూడండి. చెయ్యి పట్టి నడిపించేవాడికి కూడా ఆ గుర్తు ఎక్కడుందో తెలియకూడదు.