లేజరు దూరమాపకము: కాంతి ప్రయాణమును కొలుచు గడియారము

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రమున విశాలమైన మెట్ట మైదానములు గలవు. అచ్చట చెట్లు అరుదు. మోకాలెత్తు నుండి నడుమెత్తు వరకు పెరుగు సేజ్‌బ్రష్ పొదలే కనుచూపు మేర వ్యాపించియుండును. ఇవి మన మాచిపత్రి జాతికి చెందినవే. ఆ పొదల నడుమ ప్రాంగ్‌హార్న్ అను, జింకను పోలిన మృగము మేయుచుండును. శరదృతువులో లైసెన్సు పొందినవారు దానిని వేటాడుదురు. తుపాకి మంచిదైనను, చేయి కుదురుగా నున్నను అక్కడ గురి తప్పుట తరచు జరుగు సంగతి. మృగమెంత దూరమున నున్నదో కంటికి తెలియకపోవుటయే ఇందుకు ముఖ్య కారణము.

కన్ను దూరమును నేరుగా చూడదు, ఊహించును. తెలిసిన వస్తువు ఎంత చిన్నదిగా కనబడుచున్నదో, నడుమ ఎన్ని చెట్లు, స్తంభములు, గోడలు ఉన్నవో గమనించి అంచనా కట్టును. బోసి మైదానములో ఇట్టి ఆనవాళ్లుండవు. ప్రాంగ్‌హార్న్ భుజము వద్ద సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తుండును. అంతకంటె చాల పెద్దదైన ఎల్క్ దుప్పిని చూచుటకు అలవాటుపడినవాడు దీనిని చూచి, చిన్నదిగా నున్నది గనుక దూరముగా నున్నదని భ్రమపడును. ఎండ బాగుగా పడిన వస్తువు దగ్గరగాను, మసక వెలుతురులోని వస్తువు దూరముగాను తోచుట అందరి అనుభవములోనిదే.

నూరు మీటర్ల పొరపాటు వలన ఏమి ముంచుకొనివచ్చునని అడుగవచ్చును. ఉన్నత పాఠశాలలో నేర్చిన సూత్రముతోనే దీనిని లెక్కించి చూడవచ్చును. గొట్టమును వీడిన క్షణము నుండియే గుండు నేలవైపు పడసాగును. దాని వేగము సెకండునకు 800 మీటర్లనియు, గాలి అడ్డు లేదనియు అనుకొందము. 300 మీటర్లు పోవుటకు 0.375 సెకండు పట్టును. ఆ కాలములో గుండు సుమారు 69 సెంటీమీటర్లు క్రిందికి దిగును. 400 మీటర్లకైనచో అర సెకండు పట్టును, దిగుడు 122 సెంటీమీటర్లు. అందుచేతనే గొట్టమును కొంచెము పైకెత్తి కాల్చుదురు. మృగము 300 మీటర్లలో నున్నదని తలచి గురిని సరిచేసికొన్నవాని ఎదుట అది నిజముగా 400 మీటర్లలో నున్నచో, గుండు గురికి 30 సెంటీమీటర్లు క్రిందుగా తగులును. 400 అనుకొన్నది నిజముగా 300 అయినచో 23 సెంటీమీటర్లు పైగా పోవును. గాలి అడ్డును కూడ లెక్కించినచో ఈ తేడాలు ఇంకను పెరుగును.

ఆ మృగము దేహములో గుండెయు, ఊపిరితిత్తులును ఉండు చోటు నిలువున 20, 25 సెంటీమీటర్లకు మించదు. దాని నడుమ గురిపెట్టినవాని గుండు 30 సెంటీమీటర్లు దిగినచో కాలు విరుగును, లేదా కడుపు చీలును. అట్టి మృగము అప్పుడే చావదు. మైళ్ల కొలది పరుగిడి, ఏ పొద చాటుననో గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు బాధపడి చచ్చును. చట్టమునకు లోబడి వేటాడువాడు దూరమును కొలిచి తీరవలె ననుటకు ఇంతకంటె వేరు కారణ మక్కరలేదు.

ఇక్కడ విద్యార్థులు ఒక చిన్న చమత్కారమును గమనింపవచ్చును. వింటి నుండి వెడలిన బాణము వేగము సెకండునకు 80 మీటర్లనుకొందము. అది 30 మీటర్లు పోవుటకు పట్టు కాలము, పై గుండు 300 మీటర్లు పోవుటకు పట్టు కాలము ఒక్కటే. కాలమొక్కటైనప్పుడు దిగుడును ఒక్కటే. కనుక తుపాకిగానికి నూరు మీటర్ల పొరపాటు చేయు హాని విలుకానికి పది మీటర్ల పొరపాటే చేయును. ముప్పది, నలుబది మీటర్లు కంటికి అందిన దూరమే గదా యని విలుకాడు అశ్రద్ధ చేయుట తగదు.

సాధనముతో దూరమును కొలుచుట క్రొత్త సంగతి కాదు. బొటనవ్రేలిని ఎదురుగా చాచి, ఒక కన్ను మార్చి ఒక కంటితో చూచినచో, వ్రేలు వెనుకనున్న గోడపై ప్రక్కకు జరిగినట్లు కనబడును. దగ్గరి వ్రేలు ఎక్కువగాను, దూరపు వ్రేలు తక్కువగాను జరుగును. ఈ సూత్రముపైననే, పొడవైన గొట్టమునకు రెండు కొనల రెండు కిటికీలుంచి, రెండు బింబములను కలిపి దూరము చెప్పు యంత్రములను పంతొమ్మిదవ శతాబ్దము చివర గ్లాస్గోలోని బార్ అండ్ స్ట్రౌడ్ సంస్థ నిర్మించినది. అయితే వీనియందు దూరము రెట్టింపైనచో పొరపాటు నాలుగు రెట్లగును. పొరపాటు తగ్గవలెనన్న గొట్టము పొడవు పెరుగవలెను. యుద్ధనౌకపై అనేక మీటర్ల గొట్టమును నిలుపవచ్చును గాని వేటగాడు దానిని భుజమున మోయలేడు.

1960 మే నెలలో కాలిఫోర్నియాలో థియోడర్ మైమన్ కెంపు కడ్డీతో మొదటి లేజరును వెలిగించెను. దానితో దూరమును వేరొక విధముగా కొలుచుటకు దారి ఏర్పడినది. కోణమును విడిచి కాలమును కొలుచుటయే ఆ విధము. నేటి చేతి సాధనము ఒక చిన్న దుర్భిణివలె నుండును. మీట నొక్కగానే అందులోని అర్ధవాహక లేజరు, కంటికి కనబడని పరారుణ కాంతిని అతి స్వల్పమైన తునుకలుగా పంపును. దాని తరంగదైర్ఘ్యము తరచుగా 905 నానోమీటర్లు. ఆ కాంతి మృగముపై పడి నలుదెసల చెదరును. అందులో లేశభాగము తిరిగివచ్చి, ఒక కటకము ద్వారా గ్రాహకమును చేరును. పోయి వచ్చిన కాలమును కాంతి వేగముతో హెచ్చించి సగము చేసినచో దూరము వచ్చును. 300 మీటర్లకు పోయి వచ్చుటకు కాంతికి పట్టునది రెండు మైక్రోసెకండ్లు, అనగా సెకండులో అయిదు లక్షలవ వంతు. ఒక మీటరు తేడాను పసిగట్టవలెనన్న ఇంచుమించు 7 నానోసెకండ్లను గుర్తింపగల గడియారము కావలెను. నానోసెకండనగా సెకండులో నూరుకోట్లవ వంతు. 1969 జూలైలో అపోలో-11 యాత్రికులు చంద్రునిపై ఉంచి వచ్చిన ప్రతిఫలకముల సాయముతో చంద్రుని దూరమును కొలుచుటయు ఈ పద్ధతినే. అక్కడ కాంతి పోయి వచ్చుటకు సుమారు రెండున్నర సెకండ్లు పట్టును.

కాబట్టి ఈ సాధనము చూపు అంకె, కాంతి దేనిని తాకి తిరిగివచ్చినదో దాని దూరము. వేటగాడు చూడదలచిన మృగము దూరమే కానక్కరలేదు. కొనునప్పుడు గాని, వాడునప్పుడు గాని మరువరాని మాట ఇదియే.

లేజరు కిరణము దారమువలె సాగునని పలువురు తలంతురు. నిజమునకు అది పోను పోను వెడల్పగును. రెండు మిల్లీరేడియన్ల కోణమున విచ్చుకొను కిరణము 300 మీటర్ల వద్ద 60 సెంటీమీటర్లు, 600 మీటర్ల వద్ద 120 సెంటీమీటర్లు వెడల్పుండును. అంత వెడల్పైన వెలుగులో మృగముతోపాటు ముందున్న పొదయు, వెనుకనున్న మట్టిదిబ్బయు ఇరుకుకొనవచ్చును. అందుచేత కొన్ని సాధనములలో మొదట తిరిగివచ్చిన కాంతిని లెక్కించు ఏర్పాటును, చివర వచ్చినదానిని లెక్కించు ఏర్పాటును వేర్వేరుగా నుండును. పొదల వెనుకనున్న మృగమునకు రెండవది తగినది. మైదానములో ఎదుటి రాతిని కొలుచుటకు మొదటిది చాలును. పొగమంచు, వాన, ధూళి నడుమనే కాంతిని వెనుకకు పంపి తప్పుడు అంకెను చూపించును. కిటికీ అద్దము గుండ కొలిచినచో అద్దము దూరమే చూపవచ్చును.

పెట్టెపై పెద్ద అక్షరములతో అచ్చువేయు దూరమును చూచి మోసపోరాదు. అది సాధారణముగా రోడ్డు పలకవలె కాంతిని బాగుగా త్రిప్పికొట్టు వస్తువునకు వర్తించును. మృగముల బొచ్చు కాంతిని చాల వరకు మింగివేయును. కనుక మృగమునకు చెప్పిన అంకె అందులో సగమో, అంతకంటె తక్కువో ఉండును. చిన్న అక్షరములలోని ఆ అంకెనే చూడవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండ గ్రాహకమును కలవరపెట్టును గనుక ఆ అంకెయు పూర్తిగా దక్కదు. కిరణము విచ్చుకొను కోణము తక్కువైనదే మేలు. సందె వెలుగులో నల్లని అంకెలు కనబడవు గనుక, సాయంకాలము తిరుగువానికి వెలుగు అంకెలు చూపునది అవసరము. కంటికి హాని చేయని తరగతికి చెందినదా యని చూచి కొనవలెను. పాత సైనిక సాధనములలో కొన్ని కంటిపొరను కాల్చగలవు. అట్టివానిని చౌకగా వచ్చినను ముట్టరాదు.

కొన్న తరువాత మొదట చేయవలసిన పని పరీక్ష. పాఠశాల ఆటస్థలమున టేపుతో నూరు మీటర్లు కొలిచి, ఆ చివర ఒక అట్టను నిలిపి చూచినచో సాధనము నిజము చెప్పుచున్నదా లేదా తెలియును. రెండవ పరీక్ష ఇంతకంటె ముఖ్యము. వెనుక ఆకాశము తప్ప మరేమియు లేని స్తంభమును ఎంచుకొని, సాధనములోని గుర్తును ఎడమ నుండి కుడికి మెల్లగా జరుపుచు అంకె ఎక్కడ పుట్టి ఎక్కడ మాయమగునో చూడవలెను. గుర్తు స్తంభమును తాకకముందే అంకె వచ్చినచో, కిరణము గుర్తునకు కుడిప్రక్కగా పోవుచున్నదని అర్థము. ఆ తేడాను మనసున నుంచుకొనవలెను. కొలుచునప్పుడు మోచేతులను రాతికో, మోకాళ్లకో ఆనించుట మంచిది. ఒక్క అంకెను నమ్మక మూడుసార్లు కొలువవలెను. అనుభవజ్ఞుడు మృగము రాకముందే చుట్టునున్న బండలను, గట్లను కొలిచి గుర్తుంచుకొనును.

కొండవాలున మరియొక చిక్కు గలదు. సాధనము ఏటవాలు దూరమును చూపును. గురుత్వాకర్షణ నిలువుగా లాగును గనుక, గుండు గురిగీత నుండి ఎంత తొలగునో ఇంచుమించుగా సమతల దూరమును బట్టి యుండును. 30 డిగ్రీల వాలున 300 మీటర్లు చూపినచో, దానిని కొసైనుతో హెచ్చింపగా 260 మీటర్లు వచ్చును. గురిని 260కే సరిచేసికొనవలెను. ఎక్కుచు కాల్చినను, దిగుచు కాల్చినను లెక్క ఒక్కటే. నేటి సాధనములు చాల వరకు ఈ లెక్కను తామే చేసి చూపును.

ఒలింపిక్సు రైఫిల్ పోటీలలో దూరములు 10, 50 మీటర్లుగా ముందే నిర్ణయమైయుండుటచే ఈ సాధనముతో పని లేదు. దూరము చెప్పని ఫీల్డ్ ఆర్చరీ పోటీలలోనో, కంటి అంచనాయే పరీక్ష గనుక దీనిని అనుమతింపరు.

భారతదేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని సవరణలును, ప్రత్యేక అనుమతి లేనిదే వన్యమృగములను వేటాడుటను నిషేధించినవి. అయినను ఇదే సాధనము మన పులుల అభయారణ్యములలో తిరుగుచునే యున్నది. పులి ఆహారమైన దుప్పులు, కణుతుల సంఖ్యను అంచనా కట్టుటకు శాస్త్రజ్ఞులు అడవిలో తిన్నని బాటలు గుర్తించి, ఉదయమున వానివెంట నడతురు. మంద కనబడగానే లేజరుతో దూరమును, దిక్సూచితో కోణమును కొలుతురు. 60 మీటర్ల దూరమున, బాటకు 30 డిగ్రీల కోణమున నున్న మంద, సైను లెక్క ప్రకారము బాటకు 30 మీటర్ల ప్రక్కగా నున్నట్లు. ఇట్టి ప్రక్కదూరములు అనేకము చేర్చి, బాటకు దూరమైనకొలది ఎన్ని మృగములు కంటికి తప్పిపోవుచున్నవో గణించి మొత్తము సంఖ్యను రాబట్టుదురు. అలికిడికి బెదరి మంద పారిపోయినచో, మొదట అది నిలిచియున్న చోటనే ఒక చెట్టునో, పుట్టనో ఎంచుకొని దాని దూరమును కొలుతురు.