సీమంతానికి ముందే మొదలవ్వాలి.. సంతాన సన్నాహం

కోడలు నెల తప్పిందన్న కబురు తెలియగానే ఇంటిల్లిపాదీ ఆమె ఆహార విహారాలపై శ్రద్ధ వహించడం తెలుగునాట ఆనవాయితీ. పుట్టింటి చలిమిడి, గాజుల వేడుక, సీమంతం.. ఇవన్నీ ఆ శ్రద్ధకు ప్రతీకలే. అయితే ఈ ఆదరణ అంతా గర్భం నిలిచిన తరవాతనే మొదలవుతోంది. అంతకు ముందరి నెలలను పట్టించుకునే కుటుంబాలు తక్కువ. మన ప్రాచీన వైద్య గ్రంథాలు మాత్రం సన్నాహాన్ని గర్భధారణకు ముందే, అదీ దంపతులిద్దరికీ విధించాయి. ఈ విషయంలో ఆధునిక వైద్యం వాటితో ఏకీభవిస్తోంది. ఆ సంప్రదాయంలో నేటికీ ఆచరణీయమైనవి ఏవి, విడిచిపెట్టవలసినవి ఏవి అన్నది ప్రతి కుటుంబం తెలుసుకోవాలి.

నాలుగూ కుదిరితేనే..

విత్తనం మొలకెత్తడానికి అదను, నేల, నీరు, మేలైన బీజం అవసరమైనట్లే గర్భధారణకూ నాలుగు అంగాలు కావాలని సుశ్రుత సంహిత శారీర స్థానం వివరిస్తోంది. ఋతువు అంటే తగిన కాలం. క్షేత్రం అంటే గర్భాశయం. అంబువు అంటే పోషక రసం. బీజం అంటే స్త్రీ పురుషుల బీజాలు. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఫలితం దెబ్బతింటుందన్నది ఈ పోలికలోని సారాంశం. సంతానం కలగకపోతే ఇప్పటికీ భార్యనే తప్పుపట్టే ఇళ్ళు ఉన్నాయి. బీజంలో పురుషుడి పాలు కూడా ఉందని శాస్త్రమే చెబుతున్నప్పుడు పరీక్షలు ఇద్దరికీ జరగడమే న్యాయం.

వయసు విషయంలోనూ సుశ్రుతుడిది స్పష్టమైన హెచ్చరిక. పదహారేళ్ళు నిండని స్త్రీకి, పాతికేళ్ళు నిండని పురుషుడి వల్ల గర్భం కలిగితే అది నిలవదని, బిడ్డ పుట్టినా దుర్బలంగా ఉంటుందని ఆ గ్రంథం అంటుంది. నేటి చట్టం వివాహ వయసును యువతికి 18, యువకుడికి 21 ఏళ్ళుగా నిర్ణయించింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ మహిళల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. చిన్న వయసు పెళ్ళికి సంప్రదాయాన్ని సాకుగా చూపేవారు ఈ హెచ్చరికను గమనించాలి.

మేనరికం మాటేమిటి?

చరక సంహిత శారీర స్థానంలో రెండవ అధ్యాయం పేరు ‘అతుల్యగోత్రీయం’. దంపతుల గోత్రాలు వేరుగా ఉండాలన్న నియమం ఆ పేరులోనే ఉంది. మేనమామ, మేనబావల గోత్రం వేరు కనుక మేనరికంలో ఆ నియమం తప్పినట్లు కాదు. రక్తసంబంధం మాత్రం దగ్గరిదే. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే జన్యులోపం దాగి ఉంటే బిడ్డకు వ్యాధి సంక్రమించే అవకాశం ఇటువంటి వివాహాల్లో ఎక్కువ. గోత్రాలు చూసినంత శ్రద్ధగా ఇరు కుటుంబాల్లోని వ్యాధుల చరిత్రనూ చూడాలి. ఇప్పటికే మేనరికం చేసుకున్నవారు గర్భధారణకు ముందు జన్యు వైద్యులను సంప్రదించడం మేలు. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది.

ఇద్దరికీ ఆహార నియమం

సంతానం కోరే దంపతులకు చరకుడు ముందుగా శరీర శోధన విధించాడు. స్నేహ, స్వేదన కర్మల అనంతరం వమన, విరేచన, వస్తి కర్మలు జరిపి, ఆపైన పురుషుడికి మధురౌషధాలతో సిద్ధం చేసిన నెయ్యి, పాలు. స్త్రీకి నూనె, మినుములు ఇవ్వాలని చెప్పాడు. మన ఇళ్ళలో ఆడపిల్లలకు పెట్టే మినపసున్నుండలు ఈ సందర్భంలో గుర్తుకు రాక మానవు.

పురుషుడిలో శుక్రకణం తయారై పక్వం కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి పొగాకు, మద్యం మానడం వంటి మార్పులు కనీసం మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. శోధన కర్మలను మాత్రం అర్హత గల ఆయుర్వేద వైద్యుడి పర్యవేక్షణలోనే చేయించుకోవాలి. గర్భం నిలిచాక వమన, విరేచనాలు చేయించుకోరాదని ఆయుర్వేదమే నిషేధిస్తోంది.

ఆ మొదటి 28 రోజులు

శిశువు మెదడు, వెన్నుపాములుగా రూపొందే నాళం గర్భధారణ జరిగిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. ఆ నాళం సరిగా మూసుకోకపోతే వెన్నెముక లోపంతోనో, మెదడు ఏర్పడకుండానో శిశువు పుట్టే ప్రమాదం ఉంది. దీనిని చాలావరకు నివారించగలిగేది ఫోలిక్ యాసిడ్. గర్భధారణకు కనీసం నెల ముందు నుంచి, గర్భం నిలిచాక పన్నెండు వారాల వరకు రోజూ 400 మైక్రోగ్రాములు తీసుకోవాలి. గతంలో ఇటువంటి లోపంతో బిడ్డ పుట్టి ఉంటే మోతాదు ఎక్కువ కావాలి. దానిని వైద్యులే నిర్ణయించాలి. సీమంతం నాటికి ఎంత బలవర్ధకమైన ఆహారం పెట్టినా ఈ లోటు పూడదు.

రక్తహీనత మరో సమస్య. అదే సర్వే ప్రకారం దేశంలో 52.2 శాతం గర్భిణులు రక్తహీనులే. నాలుగవ నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజుల పాటు ఐరన్, ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు వాడాలని ప్రభుత్వ కార్యక్రమం నిర్దేశిస్తోంది.

‘నూనె నిండిన పాత్ర’

నిండా నూనె ఉన్న పాత్రను తొణకకుండా మోసినట్లు గర్భిణిని చూసుకోవాలని చరకుడు ఉపమించాడు. మాసానుమాసిక పరిచర్యగా మొదటి నెలలో పాలు, రెండవ నెలలో మధురౌషధాలతో కాచిన పాలు, మూడవ నెలలో తేనె, నెయ్యి కలిపిన పాలు, నాలుగవ నెలలో వెన్న, అయిదవ నెలలో నెయ్యి, ఎనిమిదవ నెలలో నేతితో కూడిన పాలజావ సూచించాడు. వేవిళ్ళతో బాధపడే తొలి నెలల్లో ద్రవాహారానికి ప్రాధాన్యమివ్వడం సమంజసమే. అయితే మధుమేహం, అధిక బరువు ఉన్నవారికి నెయ్యి, వెన్న, తేనె పడకపోవచ్చు. వైద్యుల సలహా లేకుండా ఈ నియమాన్ని అందరికీ వర్తింపజేయరాదు.

నాలుగవ నెలలో గర్భిణిని ‘దౌహృదిని’ అంటారు. తన హృదయం ఒకటి, శిశువు హృదయం ఒకటి కలిగినదని అర్థం. ఆమె కోరికలను అవమానించరాదని శాస్త్రం చెబుతోంది. తెలుగు వైదిక కుటుంబాల్లో విస్తృతంగా అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం తొలి గర్భంలో సీమంతోన్నయనాన్ని నాలుగవ నెలలోనే చెప్పడం విశేషం. పారస్కర గృహ్యసూత్రం ఆరు లేదా ఎనిమిదవ నెల అంటుంది. తల్లి మనసు ఉల్లాసంగా ఉంచడం ఈ వేడుకలోని మేలైన అంశం.

మగబిడ్డ మందు.. చట్టరీత్యా నేరం

షోడశ సంస్కారాల్లో గర్భాధానం తరవాతిది పుంసవనం. పుత్ర సంతానం కోసం పుష్యమీ నక్షత్రం నాడు మర్రి మొగ్గలు, మినుములు, తెల్ల ఆవాలను పెరుగుతో ఇచ్చే విధి చరక సంహితలో కనిపిస్తుంది. సరి రాత్రుల్లో కలిస్తే కుమారుడు, బేసి రాత్రుల్లో కలిస్తే కుమార్తె అన్న నమ్మకమూ ఉంది. ఇవి ఆ కాలపు విశ్వాసాలు. శిశువు ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి ఫలదీకరణ క్షణంలోనే ఖరారవుతుంది. ఆ తరవాత ఏ పసరూ దానిని మార్చలేదు.

లింగ నిర్ధారణ నిషేధానికి 1994లో చేసిన చట్టాన్ని 2003లో సవరించి, గర్భధారణకు ముందు జరిపే లింగ ఎంపికనూ అందులో చేర్చారు. ఫలానా లింగపు బిడ్డే పుట్టేలా చేస్తామని ఏ పదార్థాన్ని ఇచ్చినా అది లింగ ఎంపిక నిర్వచనంలోకి వస్తుంది. ప్రచారం చేసినా శిక్షార్హమే.

ఇటువంటి మందుల్లో ఆరోగ్యపరమైన ముప్పు కూడా ఉంది. న్యూయార్క్ నగరంలో 2011-12లో ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం అధికంగా ఉన్నట్లు అక్కడి ఆరోగ్య శాఖ గుర్తించింది. సీసం తల్లి నుంచి శిశువుకు చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పేరు, తయారీ వివరాలు లేని పొడులు, భస్మాలు గర్భిణులు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు.

దంపతులు చేయవలసినవి

* గర్భధారణకు మూడు నెలల ముందే ఇద్దరూ వైద్యులను కలవాలి.

* హిమోగ్లోబిన్, మధుమేహం, రక్తపోటు, థైరాయిడ్, బ్లడ్ గ్రూపు పరీక్షలు స్త్రీకి చేయించాలి. తలసేమియా పరీక్ష గురించి వైద్యులను అడగాలి.

* రుబెల్లా టీకా వేయించుకోనివారు గర్భధారణకు కనీసం నెల ముందే వేయించుకోవాలి. గర్భం నిలిచాక ఈ టీకా వేయరు.

* ఆయుర్వేద మందులు వాడుతుంటే ఆ సంగతి ప్రసూతి వైద్యులకు, వారు రాసిన మందుల వివరాలు ఆయుర్వేద వైద్యులకు తప్పక తెలపాలి.

* నెల తప్పగానే ఆశ కార్యకర్త వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగవ నెల నుంచి గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు.