అరచేతి బొమ్మ, ఆరుబయటి గోడ

హైదరాబాదునుండి నాగపూరు పోవు రహదారిమీద మేడ్చల్ ఉన్నది. కరీంనగరు దారిలో శామీర్‌పేట ఉన్నది. ఈ రెండు దారులకు ఇరుప్రక్కల బడిగోడలకు కొదువ లేదు. 2022లో తెలంగాణ ప్రభుత్వము ఆరంభించిన 'మన ఊరు – మన బడి' కార్యక్రమమున పాఠశాలలకు రంగులు వేయుటయు ఒక అంశము. క్రొత్తగా రంగు పూసిన గోడను చూడగానే దానిమీద ఒక బొమ్మ ఉండిన బాగుండునని ఉపాధ్యాయునకు తోచుట సహజము. కాని చేతిలో నున్నది పాఠ్యపుస్తకములోని చిన్న బొమ్మ; ఎదుట నున్నది పండ్రెండడుగుల గోడ.

ఇందుకు ఉపాయము గళ్లు గీయుట. ఇది నేటిది కాదు. ఈజిప్టు సమాధులలో అసంపూర్ణముగ మిగిలిన గోడలపై ఆనాటి ఎఱ్ఱని గళ్లు ఇప్పటికిని కనబడును. నిలుచున్న మనిషిని పాదమునుండి నుదుటిమీది వెండ్రుకల అంచువఱకు వారు 18 గళ్లలో ఇమిడ్చిరి.

బొమ్మ 6 అంగుళముల పొడవు, 4 అంగుళముల ఎత్తు ఉన్నదనుకొందము. దానిపై అర అంగుళపు గళ్లు గీచిన 96 అగును. 12 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గల గోడపై అడుగేసి గళ్లు గీచినను 96 అగును. దారమునకు సుద్ద రాచి, ఇరువురు చెరియొక కొన బిగబట్టి, నడుమ మీటిన గోడపై తిన్నని గీత పడును. పిదప ఒక్కొక్క గడిలో గీత ఏ అంచును ఎచ్చట దాటుచున్నదో చూచి గోడపై అట్లే దాటింపవలెను. గీయువాడు బొమ్మ పేరు మఱచుట మేలు. ముక్కు గీయుచున్నానని తలచినచో చేయి తనకు అలవాటైన ముక్కునే గీయును! త్రైరాశికము నేర్పుటకు ఇంతకంటె మంచి నల్లబల్ల దొరకదు.

సినిమాశాలల ముందు నిలుచు పెద్ద ప్రకటన చిత్రములు ఫ్లెక్సీలు రాకపూర్వము ఈ విధముగనే చిన్న ఫోటోలనుండి పుట్టెడివి. ఎం. ఎఫ్. హుస్సేన్ యౌవనమున బొంబాయిలో ఆ పనిచేసియే పొట్టపోసికొనెను. ఆ చిత్రములు దగ్గఱనుండి చూచిన ఉత్త రంగుపూతలు. వీథికి ఆవలనుండి చూచిన నాయకుని ముఖము.

లెక్క ఇచ్చు సాయము ఇంతవఱకే. పైబొమ్మ ఒక్కొక్కవైపు 24 రెట్లు పెరిగినది; వైశాల్యము 576 రెట్లు. పుస్తకమున అర మిల్లీమీటరు గీత గోడపై 12 మిల్లీమీటర్ల పట్టీ అగును. కనురెప్ప త్రాడువలె తోచును. బొమ్మలో హాయిగా నున్న ఖాళీ ఆకాశము గోడమీద బోసిపోవును. 1508-1512 నడుమ రోములోని సిస్టైన్ ప్రార్థనామందిరపు కప్పును చిత్రించిన మైకెలాంజిలో సైతము మొదటి దృశ్యములను చిన్న మనుష్యులతో క్రిక్కిఱియ నింపి, పిమ్మట మనుష్యులను తగ్గించి, ఆకృతులను పెంచెను.

మన లేపాక్షి చిత్రకారులు 16వ శతాబ్దమున వీరభద్రాలయపు కప్పులపై స్పష్టమైన రేఖలను, చదునైన రంగులను నమ్ముకొనిరి. తల యెత్తి చూచువానికి అవి నేటికిని తేటగా తెలియును. శిల్పశాస్త్రములలోని తాలమానము ఇంకొక త్రోవ: ముఖము పొడవు ఒక తాలము, నవతాలమున మనిషి తొమ్మిది ముఖముల పొడవు. ముఖమెంతయో నిర్ణయించుకొనిన చాలును, గోడ యెంతదైనను కొలత కుదురును.

బడిగోడలకు చాల తఱచుగా ఎక్కునది భారతదేశపటము. ఉత్తర దక్షిణములు 3,214 కిలోమీటర్లు. దానిని 8 అడుగులలో ఇమిడ్చినచో సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న మేడ్చల్ హైదరాబాదునకు ఇంచుమించు ఒక అంగుళము ఎగువన పడును. పుస్తకపు పటమున దానికి చుక్క పెట్టుటకైనను చోటు లేదు. కనుక గళ్లను ఎంత శ్రద్ధగ అనుసరించినను అది గోడపైకి రాదు. ఆ యొక్క చుక్కను పిల్లలే దూరము లెక్కగట్టి, కుంచె పట్టి పెట్టుకొనవలెను.