అమ్మ తొక్కగలిగే దారి

ఫ్యామిలీతో సైకిల్ రైడ్ అనగానే ముందు అడిగేది "ఎన్ని కిలోమీటర్లు?" అని. నన్నడిగితే ముందు చూడాల్సింది వాలు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ బ్రిడ్జి దాటి ఉత్తరానికి వెళ్తే టెనెస్సీ వ్యాలీ అని ఒక లోయ ఉంది. మా అక్కావాళ్ళు ఆ దగ్గర్లోనే ఉంటారు. ఈ వేసవిలో అమ్మ అక్కడికి వెళ్తోంది. తను సైకిల్ ఎక్కి ముప్పై ఏళ్ళయింది, పైగా మోకాళ్ళ నొప్పులు. అయినా మనవరాలి పక్కన తొక్కుకుంటూ బీచ్‌కి వెళ్ళాలట. "నీకు కంప్యూటర్ తెలుసుగా, నావల్ల అవుతుందో లేదో చూసి చెప్పరా" అంది.

చూశాను. పార్కింగ్ నుంచి బీచ్‌కి 2.7 కిలోమీటర్లు, దిగేది సుమారు 60 మీటర్లు. అంటే వంద మీటర్లకి రెండు మీటర్ల చిల్లర. మన ఫ్లైఓవర్లు చాలావాటికి ఇంతకన్నా ఎక్కువ వాలుంటుంది. కారణం వాగు. కొండల మధ్య అది ఎన్నో వేల ఏళ్ళుగా సముద్రానికి దారి కోసుకుంటూ పోయింది. మన బాట దాని పక్కనే వెళ్తుంది.

కానీ సగటుని పూర్తిగా నమ్మకూడదు. మధ్యలో బాట రెండుగా చీలుతుంది. ఎడమది చదునుగానే ఉంటుంది గానీ నడిచేవాళ్ళకి మాత్రమే. సైకిళ్ళు కుడివైపు వెళ్ళాలి, అక్కడ చిన్న ఎక్కుడు ఉంది. అమ్మ దిగి నడిపించుకుంటే సరిపోతుంది. తారు మొదట్లోనే, తర్వాతంతా మట్టి, కంకర.

వచ్చేటప్పుడు ఎక్కుడే కదా అంటారా? ఎండకి నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది, అందుకే మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి లోపలికి వీస్తుంది. అది తిరుగు ప్రయాణంలో వీపుని తోస్తుంది.

అన్నట్టు, ఈ పేరు టెనెస్సీ రాష్ట్రాన్ని చూసి పెట్టింది కాదు. 1853 మార్చిలో ఆ పేరుగల ఓడ పొగమంచులో గోల్డెన్ గేట్ దారి తప్పి ఇక్కడ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ప్రయాణికులంతా బతికారు. వేసవిలో ఇప్పటికీ అదే మంచు, కాబట్టి స్వెట్టర్ ఉండాల్సిందే. నీళ్ళు చల్లన, అలల లాగుడు ఎక్కువ, స్నానాలు వద్దు. కొండ అంచు కింద కూడా కూర్చోకూడదు. 2012 డిసెంబర్‌లో అక్కడి రాతి తోరణం మొత్తం కూలిపోయింది.

అక్కకి మాత్రం ఒకటి గట్టిగా చెప్పాను: గేర్ల సైకిల్ తీసుకో, భయపడుతోందని సీటు మరీ దించకు. సీటు కిందికుంటే మోకాలు ఎక్కువ మడవాలి, నొప్పి పెరుగుతుంది. అమ్మేమో కాళ్ళు రెండూ నేలకి ఆనాలంటోంది. ఇంకా తేలలేదు.