ఖమ్మంలో ఆ సూదికే పిల్లలు చనిపోయారా? హెచ్‌పీవీ టీకా వెనక కథ

పోయిన వారం కొత్తగూడెం నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. వాళ్లమ్మాయికి పదమూడేళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయిద్దామని ఏడాదిగా నేనే వెంటపడుతున్నా. పిన్నిది ఒకటే మాట: "నువ్వు డాక్టరువే, కాదనను. కానీ ఆ సూది వేశాకే కదా మన దగ్గర ఆడపిల్లలు చచ్చిపోయారు? నా బిడ్డకి వద్దు తల్లీ."

నేను నవ్వి కొట్టిపారేయలేదు. పిన్ని చెప్పింది ఉత్త పుకారు కాదు, సగం నిజం. ఆ సగం ఏంటో చూద్దాం.

2009లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లో, పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయించాయి. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే పని జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం అంతా ఆపించేసింది.

ఎలా చనిపోయారు? ఒకమ్మాయి క్వారీ నీళ్లలో మునిగిపోయింది. ఒకమ్మాయిని పాము కరిచింది. ఇద్దరు పురుగుల మందు తాగారు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగతా ఇద్దరిలో ఒకరికి తీవ్రమైన జ్వరం, ఇంకొకరికి మెదడులో రక్తస్రావం కారణమై ఉండొచ్చన్నారు. టీకా వల్లే పోయారని విచారణలో తేలలేదు.

మరి తప్పేమీ జరగలేదా? జరిగింది, పెద్ద తప్పే. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన ఫారాలు, అలాంటివి రెండు వేలకు పైనే, హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టేశారు. పిల్లకి ఏం వేస్తున్నారో ఇంట్లోవాళ్లకే తెలీదు. వేశాక ఏమన్నా అయితే కనిపెట్టే ఏర్పాటూ సరిగ్గా లేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది. నన్నడిగితే, ఆ భయం ఇన్నాళ్లు బతకడానికి కారణం సూదిలో ఉన్న మందు కాదు, అడక్కుండా వేయడం.

ఇంతకీ హెచ్‌పీవీ అంటే? ఎక్కువగా లైంగిక సంబంధం ద్వారా పాకే వైరస్. రెండొందలకు పైగా రకాలున్నాయి. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఏ లక్షణమూ కనిపించదు, ఏడాది రెండేళ్లలో ఒంట్లోంచి దానంతటదే పోతుంది. కాబట్టి "నీకు ఎవరి నుంచి వచ్చింది" అని గొడవలు పెట్టుకోకండి, ప్లీజ్. కొందరిలో మాత్రం అది పోదు. అక్కడే తిష్ఠ వేసి, పదిహేను ఇరవై ఏళ్లకి క్యాన్సర్‌గా మారొచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో 70 శాతానికి 16, 18 అనే రెండు రకాలే కారణం. 6, 11 రకాల వల్ల జననాంగాల దగ్గర పులిపిర్లు వస్తాయి. అబ్బాయిలూ, వీడియో స్కిప్ చేయకండి. గొంతు, మలద్వారం, పురుషాంగం క్యాన్సర్లలోనూ దీని చెయ్యి ఉంది.

టీకాలో వైరస్ ఉండదు. వైరస్ పైడొల్ల లాంటి ప్రొటీన్ మాత్రమే ఉంటుంది, లోపల ఖాళీ. దాన్ని చూసి ఒళ్లు ముందే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. సోకిన వైరస్‌ని మాత్రం ఇది పోగొట్టలేదు, అందుకే 9-14 ఏళ్లప్పుడే వేయమంటాం. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం మామూలే. కొందరు పిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడిపోతారు, అందుకని పావుగంట కూర్చోబెడతాం. పిల్లలు పుట్టరన్నది అబద్ధం. స్వీడన్‌లో 17 ఏళ్లలోపు వేయించుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువగా కనిపించింది.

ఇక్కడో విచిత్రం. 2010లో ఖమ్మం దెబ్బకి దేశంలో జరుగుతున్న ఇంకో పరిశోధన కూడా ఆగింది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని చూసే పరిశోధన అది. మధ్యలో ఆపేసరికి దాదాపు ఐదు వేల మంది అమ్మాయిలకి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్లని వదల్లేదు, పదేళ్లు గమనించారు. 16, 18 రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఆ ఒక్క డోసే 95 శాతం దాకా కాపాడింది! 9-20 ఏళ్లవాళ్లకి ఒక్క డోసైనా చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందంటే, ఆధారాల్లో ఇదీ ఒకటి. మీ వయసుకి ఇక్కడ ఎన్ని డోసులో మీ డాక్టర్‌ని అడగండి. టీకా వేయించుకున్నా 30 దాటాక స్క్రీనింగ్ మానకూడదు.

ఇదంతా పిన్నికి గంటసేపు చెప్పా. "ఆ పిల్లల అమ్మలకి ఇట్లా ఎవరన్నా కూర్చోబెట్టి చెప్పారా?" అంది. లేదు పిన్నీ అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. ఈలోపు చెల్లి ఫోన్ లాక్కుంది. "అక్కా, ఏ చేతికి వేస్తారు? నాకు పరీక్షలున్నాయి." ఎడమ చేతికి వేయిద్దాంలే అన్నా.