పెదవికి తెలిసిన రెండు రుచులు

ఉగాది పచ్చడి కలపబోయే ముందు ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. బెల్లం ముక్కను కాస్త తడిపి కింది పెదవికి బయటివైపు రాయండి. తీపి తెలియదు. నాలుకతో పెదవి తడుపుకుంటే గానీ అది బెల్లమో మైనమో పోల్చుకోలేం. వేపపువ్వు రాసినా అంతే. అదే పచ్చిమిరపకాయ చీలిక రాస్తే నాలుకతో పనిలేదు. కాసేపట్లోనే పెదవి చురుక్కుమంటుంది.

ఆ పచ్చడి కోయంబత్తూరు, మదురై వైపు తెలుగు ఇళ్లలోనూ కలుపుతారు. తెలుగు సంవత్సరాదికి తమిళనాడు ప్రభుత్వం సెలవిస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఆ రాష్ట్రంలో తెలుగును మాతృభాషగా చెప్పినవారు 42 లక్షల పైచిలుకు. వారిలో ఎన్నో కుటుంబాల పూర్వీకులు విజయనగర కాలంలో, 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల ఏలుబడిలో దక్షిణానికి తరలిపోయినవారు. పిల్లలు బడిలో చదివేది తమిళం. తెలుగు అక్షరం రానివారే ఎక్కువ. అయినా మాట ఇంట్లో నిలిచింది, వంటింట్లో మరీ గట్టిగా నిలిచింది.

ఇక పెదవి పరీక్ష సంగతికొస్తే, నాలుక మీది రుచిమొగ్గలు పోల్చుకునేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు. వీటికి తోడు 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా పేరుపెట్టిన ఉమామి ఒకటి. మన షడ్రుచుల్లోని కారం, వగరు ఈ పట్టికలో లేవు. అవి ప్రధానంగా స్పర్శకు చెందినవి. ముఖానికి స్పర్శనూ నొప్పినీ తెలియజేసే ట్రైజెమినల్ నాడి వాటిని మెదడుకు చేరవేస్తుంది. పెదవుల్లో ఆ నాడి కొసలు దట్టంగా ఉంటాయి. అలాగని మన పెద్దల లెక్క తప్పిందనలేం. వాళ్లు ఎంచింది నాలుకకు తెలిసేవాటిని కాదు, నోటికి తెలిసేవాటిని.

మిరపకాయలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. అది నోట్లో ఏ గుమ్మం తడుతుందో 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. ఆ గ్రాహకం పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకోవడం దాని పని. క్యాప్సైసిన్ తగిలినా అది తెరుచుకుంటుంది. అందుకే చల్లటి పచ్చడి తిన్నా నోరు 'మండింది' అంటాం. మెదడుకు చేరిన కబురు కాలిందనే. ఈ పరిశోధనకు జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది. పక్షుల్లోని ఆ గ్రాహకానికి క్యాప్సైసిన్ పట్టదు గనుకే చిలకలు పండుమిరపను హాయిగా తింటాయి.

మదురైకి తరలివెళ్లిన తొలి తెలుగు కుటుంబాల మూటల్లో మాత్రం మిరపకాయ ఉండి ఉండదు. అది అమెరికా ఖండపు పంట. పోర్చుగీసు ఓడలు కాలికట్ చేరిందే 1498లో. అంతకు ముందు మన వంటల్లో కారమంటే ప్రధానంగా మిరియాలదే. కొత్త కాయ వచ్చాక తెలుగువాళ్లు మిరియాన్ని తలుచుకుని దానికి మిరపకాయ అని పేరుపెట్టారు. తమిళులూ అదే చేశారు, మిళగు నుంచి మిళగాయ్. మిరియం పాకే తీగ, మిరప చిన్న మొక్క. రెంటికీ చుట్టరికం లేదు. చూపుకూ పోలిక లేదు. అయితే మిరియంలోని పైపెరిన్ తట్టేది కూడా ఆ టీఆర్‌పీవీ1నే! ప్రయోగశాల తేల్చిన సంగతిని రెండు భాషల జనం ఏనాడో నోటితోనే పసిగట్టారు. ఆ రెండు పేర్లూ ఒకే ఇంట్లో పలికేవారు ఈ కోయంబత్తూరు, మదురై తెలుగువాళ్లు.

క్యాప్సైసిన్ నీటిలో అంతగా కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. ఇడ్లీ కారప్పొడిలో నువ్వులనూనె పోస్తే కారం నోరంతా పరుచుకునేది అందుకే. మంట పుట్టాక చెంబుడు నీళ్లు తాగినా పెద్దగా తగ్గదు. పాలు, మజ్జిగ తాగితే వాటిలోని కేసీన్ అనే ప్రొటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని తీసుకుపోతుంది.

వగరు కథ వేరు. లేత జామపిందె, నేరేడు, వక్కల్లో టానిన్లు ఉంటాయి. నోటిని జారుడుగా ఉంచే లాలాజలపు ప్రొటీన్లకు అవి అతుక్కుంటాయి. ఆ జారుడు పోయేసరికి నాలుక గరుకెక్కి, బుగ్గలు లోపలికి పీక్కుపోయినట్టు ఉంటుంది. తమిళంలో దీన్ని తువర్‌ప్పు అంటారు. అరటిపువ్వును మజ్జిగలో నానబెట్టడం ఇటు తెలుగు వంటింట్లోనూ అటు తమిళ వంటింట్లోనూ ఉన్న పద్ధతే. మజ్జిగలోని ప్రొటీన్లకు టానిన్లు ముందే అంటుకుపోతాయి, నోటిదాకా వచ్చే వగరు తగ్గుతుంది.

కారం, వగరు రెండూ ఒకే ముద్దలో కలిసేది తాంబూలంలో. మదురై దగ్గరి షోళవందాన్ తమలపాకుకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆకు కారం దానిలోని సుగంధ తైలాలది, వగరు వక్కది. సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది. అంతకన్నా పెద్ద ముప్పు వక్కలోనే ఉంది. పొగాకు కలపకపోయినా వక్క మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. పెళ్లి పళ్లెంలోని తాంబూలం అందుకున్నప్పుడు వక్క పక్కన పెట్టి, ఆకులో కాస్త సోంపు చుట్టి నమలొచ్చు. వగరు ఉండదు. ఆకు కారం మాత్రం కాసేపు పెదవుల మీద వెచ్చగా ఉంటుంది.