కాలేయపు గుమ్మం

విశాఖ రేవులో దిగిన సరుకు గేటుదగ్గర తనిఖీ అయ్యాకనే ఊళ్లోకి వస్తుంది గదా! మన పొట్టలోనూ అదే ఏర్పాటు. పేగులు పీల్చుకున్న సారం చాలావరకు పోర్టల్ సిర ద్వారా ముందు కాలేయానికే చేరుతుంది. లాటిన్‌లో 'పోర్టా' అంటే ద్వారమే.

తాగుడువల్లనో, హెపటైటిస్‌వల్లనో, చుక్క ముట్టనివారిలో కొవ్వు పేరుకునో కాలేయం గట్టిపడిందనుకోండి. గుమ్మం ఇరుకై, వెనక రక్తపు వత్తిడి పెరుగుతుంది. రక్తం అడ్డదారులు పట్టి అన్నవాహికలో సిరలను ఉబ్బిస్తుంది. పొట్టలో నీరు చేరుతుంది.

అంతటితో పోనిస్తుందా? ఆ వత్తిడికి పేగుల గోడలు వాచి కట్టు సడలుతాయి. లోపలి సూక్ష్మజీవులూ, వాటి విషాలూ జారి, అసలే చితికిన కాలేయంమీద పడతాయి. అది మరింత చెడుతుంది. వత్తిడి మరింత హెచ్చుతుంది.

ఇక పేగుల్లో పుట్టిన అమ్మోనియా కాలేయాన్ని తప్పించుకుని మెదడుకెక్కితే, ఇంటిపెద్ద రాత్రంతా మేలుకుంటాడు, పగలు తూగుతాడు, పొంతనలేకుండా మాట్లాడతాడు. "పెద్దతనం లెండి" అని సరిపెట్టుకుంటారు ఇంట్లోవాళ్లు! ఇలాంటి రోగికి మలబద్ధం చిన్న విషయం కాదు. రోజుకు రెండుమూడు విరేచనాలయ్యేలా డాక్టరు లాక్టులోజ్ అనే తియ్యని మందు రాసిస్తే, నీరసపడిపోతున్నారని మాన్పించేవారున్నారు. మగత మళ్లీ తిరగబెడుతుంది.

రక్తం కక్కినా, మలం తారులా నల్లగా వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. 1923 నుంచి ఉన్న కింగ్ జార్జి ఆసుపత్రికో, దగ్గర్లోని మరో పెద్దాసుపత్రికో ఆ రాత్రే చేర్చాలి. నోటిగుండా గొట్టం దించి, ఉబ్బిన సిరలకు రబ్బరు వలయాలు బిగిస్తారు.